మూడో గీత

4, సోమవారం

మా ఆయన కొలతల పుస్తకంలో వెనక సగం ఖాళీగా ఉంది. పారేయడానికి మనసొప్పక ఇందులో రాస్తున్నాను. ముందు పేజీల జోలికి పోను.

ఎనిమిది నెలలుగా మూలన పడ్డ నాటకాన్ని ఈ రోజు మళ్లీ బయటికి తీశారు. "నిద్రరాజు". పాటలూ గంతులూ ఉన్న నవ్వుల నాటకం. సామాను గదిలో కవచాల మీద కప్పిన గుడ్డలు తీసి దులిపారట. నేను అటు వెళ్లలేదు. నాకక్కడ పనేముంది?

దర్శకుడు టీ గ్లాసు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయనకి ప్రాణస్నేహితుడు కాబట్టి నన్ను మొదట్నించీ చెల్లెమ్మా అంటాడు.

"చెల్లెమ్మా, శనివారం పిల్లల ఆట పెట్టుకుందామా? నీకు ఇబ్బందైతే ఇంకెవర్నైనా..."

"ఎందుకు ఇబ్బంది? పదకొండేళ్లుగా ఆ స్టూలు మీద కూర్చుంటోంది ఎవరు?" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. టీ ఒలికింది పాపం.

5, మంగళవారం

మధ్యాహ్నం ఇలా నడుం వాల్చానో లేదో, పాప బడి నుంచి వస్తూనే సంచీ అయినా దించకుండా భుజం పట్టుకుని కుదిపేసింది. "ఏమిటే, కొంప మునిగిందా?" అంటే "ఏం లేదు" అంటుంది. రోజూ ఇదే తంతు. తొమ్మిదేళ్లొచ్చాయి, తల్లిని కాసేపు పడుకోనివ్వాలన్న ఇంగితం లేదు.

6, బుధవారం

నాటకం మొత్తం చదివాను. ఎనిమిది నెలల కిందట ఆయన ఈ కవచాల రేకులు కొడుతూ ఇవే పాటలు పాడేవాడు, అవీ తప్పుల తడకగా. అప్పుడు వింటూ నవ్వేదాన్ని.

కథ ఇంతే. పూర్వం ఒక రాజు యుద్ధంలో పోయాడు. పోలేదు, కొండ కింద గుహలో కవచం తొడుక్కుని నిద్రపోతున్నాడు, దేశానికి నిజమైన కష్టం వచ్చిన రోజు లేస్తాడు అని జనం నమ్మకం. ఆ పాత నమ్మకాన్ని పట్టుకుని ఈ నాటకం మొదట్నించి చివరిదాకా వెక్కిరిస్తుంది. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే గుహ దగ్గరికొచ్చి పాట అందుకుంటారు.

లేవయ్యా రాజా, మా మేక పోయింది!
లేవయ్యా రాజా, మా ఆవిడ అలిగింది!

గుహకి కాపలా ఉన్న వీరుడు అడ్డం నిలబడి, "ఇదీ ఒక కష్టమేనా? ఇంకాస్త పెద్దది పట్టుకురా!" అని తిప్పి పంపేస్తుంటాడు. చివరికి నిజంగానే శత్రువులు కోట గుమ్మం దాకా వస్తారు. అందరూ గుహలోకి పరిగెత్తి, నిలబడి ఉన్న కవచానికి మేకు లాగుతారు. రొమ్ము రేకు బీరువా తలుపుల్లా రెండుగా తెరుచుకుంటుంది. లోపల ఎవరూ లేరు. వంటావిడ అందులోకి తొంగిచూసి కాపలావాణ్ణి అడుగుతుంది: "మూడొందల ఏళ్లుగా జీతం తింటున్నావు కదయ్యా, దేనికి కాపలా?" తర్వాత తనే ఆ కవచం ఎక్కేసి బయటికి నడుస్తుంది. శత్రువులు రాజొచ్చాడనుకుని పరారు.

తొమ్మిదో రంగం అది. పిల్లలకి పనికిరాదు. చదవగానే అనుకున్నాను.

నాన్న నిద్రపోతున్నాడు అని మా పాపకి చెప్పింది నేను. ఆసుపత్రిలో, మంచం పక్కన నిలబడి. అదే మాటకి వీళ్లు బాణీ కట్టి గంతులేస్తారు, జనం చప్పట్లు కొడతారు. బాగుంది.

రాత్రి పాప అడిగింది, "శనివారం నేనూ రానా?" అని. సొంత పిల్లల్ని పిల్లల ఆటకి తీసుకురాకూడదు, రూలు. వాళ్ల మొహం చూస్తే మన కళ్లు మనల్నే మోసం చేస్తాయి. "అయితే అసలు ఆటకి వస్తా" అంది. చూద్దాం అన్నాను.

8, శుక్రవారం

చలి మొదలైంది. పాప నీలం బొంత కోసం ఇల్లంతా గాలించాను. కనబడలేదు. ఎవరికైనా ఇచ్చేశానేమో, నాకా రోజులు గుర్తు లేవు. అడిగితే పాప "నాకు చలెయ్యట్లేదు" అని అటు తిరిగి పడుకుంది.

9, శనివారం

పిల్లల ఆట అయింది. ఇరవయ్యారు మంది వచ్చారు.

మా పద్ధతి ఎవరికైనా చెబితే నవ్వుతారు. వేదిక ముందు, మధ్యలో, ఒక స్టూలు. నేను వేదికకి వీపు పెట్టి కూర్చుంటాను. నాటకం నాకు కనబడదు, పిల్లల మొహాలే కనబడతాయి. ఏ రంగంలో ఎవరైనా తల తిప్పుకున్నా, కళ్లు మూసుకున్నా కాగితం మీద ఆ రంగం పక్కన ఒక గీత. ఒకే రంగంలో మూడు గీతలు పడితే గుమ్మం దగ్గర బోర్డు మారుతుంది: పన్నెండేళ్లు దాటినవారికి మాత్రమే. ఈ హాలు కట్టిన పెద్దమనిషి పెట్టిన పద్ధతి. పదకొండేళ్లలో నేను గీసిన గీతని ఎవరూ ఇది తప్పు అనలేదు.

మేక పాటకి పిల్లలు కుర్చీల్లోంచి జారిపోయారు నవ్వలేక. ఒక పిల్లాడికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

తొమ్మిదో రంగం. వెనక మేకు లాగిన శబ్దం వినబడింది. అంత రేకు తెరుచుకుంటే గణగణమనాలి కదా, అసలు చప్పుడే లేదు. కళ్లజోడు పిల్లాడు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఒకటి. చివరి వరసలో చిన్నది అక్క భుజంలో తల దూర్చింది. రెండు. ఎర్ర గౌను పిల్ల కిందికి వంగి మొహం దాచుకుంది. మూడు.

మూడు గీతలు. రూలు రూలే.

10, ఆదివారం

ముగ్గురు. నేను చూశాను.

ఎర్ర గౌను పిల్ల పైకి లేచేటప్పుడు చేతిలో చెప్పు ఉన్న మాట నిజమే. ఉంటే? చెప్పు ఊడినంత మాత్రాన భయం వెయ్యకూడదనేం లేదుగా.

11, సోమవారం

దర్శకుడు కాగితం రెండుసార్లు చూశాడు. పన్నెండేళ్ల బోర్డు పెడితే శని ఆదివారాల్లో వచ్చే పిల్లలందరూ పోతారు. ఈ నాటకం వాళ్ల కోసమే రాసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు:

"తొమ్మిదో రంగం మార్చేస్తానమ్మా. కవచంలో నిజంగానే రాజు ఉంటాడు. ఆవలిస్తూ లేస్తాడు. అప్పుడు ఎవరూ భయపడరు కదా."

"మార్చండి అన్నయ్యా. అదే మంచిది."

కాపలా వీరుడి వేషం వేసే పొడుగాయన పక్కనే ఉన్నాడు. మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. ఈ రోజు ఎక్కడలేని కోపం వచ్చింది. "మేస్త్రీ ఆ కవచం చేసిందే ఖాళీగా నిలబడటానికి. లోపల మనిషి పట్టడు, వంటావిడ ఎక్కేది ఇంకోటి, తెర చాటున మారుస్తాం. ఒక్క మేకు మీద నిలబెట్టాడాయన. మూడు నెలలు చేశాడు. మీరు దాన్ని మూల పెట్టి అట్టతో ఇంకోటి చేయించుకుంటారా?"

అందరూ నా వైపు చూశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనే నోరు జారాను. "నేనేం కావాలని గీశానా?" అన్నాను. అసలు నన్నెవరూ అనలేదు.

కుట్టుపని అక్క దారాల పెట్టె ముందు కూర్చుని నన్నే చూస్తోంది. ఆవిడ అసలే ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

12, మంగళవారం

ఎలా రాయాలో తెలియట్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం అత్తయ్యకి చెబుతున్నాను, నాటకం చివర మారుస్తున్నారు, రాజు లేస్తాడట అని. పాప లెక్కలు చేసుకుంటోంది. పెన్సిల్ కింద పెట్టేసింది.

"రాజెలా లేస్తాడు? లోపల ఎవరూ లేరుగా."

"నీకెవరు చెప్పారే?"

"నాన్న. మేకు బిగించేటప్పుడు లైటు పట్టుకుంది నేనే. తలుపులు తెరిస్తే డబడబమంటోందని నాన్న నా నీలం బొంత అడిగాడు. లోపల వేసి కుట్టేశాడు. నేనే ఇచ్చాను. రాజు నిద్రపోవట్లేదు, ఉత్తుత్తినే అందరూ అలా అనుకుంటున్నారు, అదే జోకు అని చెప్పాడు."

అందుకే చప్పుడు రాలేదు.

"నాన్న జోకుని ఎందుకు పాడు చేస్తున్నారు?" అంది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. పిల్లలకి భయమేస్తోందని, ముగ్గురు తల తిప్పుకున్నారని. అది వినలేదు.

"నువ్వు కూడా నిద్రపోతున్నాడనే చెప్పావు. లేపొద్దన్నావు. నేను లేపుదామనుకున్నా. నువ్వే చెయ్యి పట్టుకుని ఆపేశావు. నేను లేపి ఉంటే లేచేవాడు."

వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను. కడగడానికి ఏమీ లేదు.

ఎనిమిది నెలలుగా ఇది మోస్తోందా నా తల్లి? తను లేపలేదు కాబట్టి వాళ్ల నాన్న పోయాడనుకుంటోందా? నేను పడుకున్న ప్రతిసారీ వచ్చి కుదిపేది అందుకా? ఇంగితం లేదని రాశాను నేను, ఇదే పుస్తకంలో.

13, బుధవారం

పొద్దున అత్తయ్య తల దువ్వుకుంటూ అంది, నా వైపు చూడకుండానే: "వాడు నా కొడుకమ్మాయ్. వాణ్ణి పొద్దున్నే నిద్ర లేపడం ఎంత కష్టమో నాకంటే ఎవరికి తెలుసు? మంచం విరిగినా లేచేవాడు కాదు. కానీ ఆ రోజు వాడిది నిద్ర కాదని ఆ పిల్లకి నువ్వే చెప్పాలి. నేను చెబితే నమ్మదు. నిద్ర అన్నది నువ్వు."

సరేనన్నాను. చెప్పలేదు.

14, గురువారం

ఇవాళ పుస్తకం ముందు వైపు తెరిచాను. కొలతలూ, లెక్క కుదరక కొట్టేసినవీ, ఒక మూల పాప గీసిన గుర్రం. కుక్కలా ఉంది. చివరి కొలత కింద ఆయన రాత: "లోపల పాప బొంత. ఆట మొదటి రోజు పాపని ముందు వరసలో కూర్చోబెట్టాలి. బొంత చూసి ఏమంటుందో."

ఏడ్చాను. చాలాసేపు. ఆయన పోయిన రోజు కూడా ఇంత ఏడవలేదు. ఆ రోజు పనులుండేవి.

మధ్యాహ్నం దర్శకుడి గదికి వెళ్లి కాగితం బల్ల మీద పెట్టాను. "మూడో గీత అబద్ధం అన్నయ్యా. ఆ పిల్ల చెప్పు తొడుక్కోవడానికి వంగింది. నాకు అప్పుడే తెలుసు. తెలిసే గీశాను. మా పాప ఈ నాటకం చూడకూడదని గీశాను."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"తప్పుగీత గీసినవాళ్లు మళ్లీ స్టూలెక్కకూడదు. తెలుసుగా" అన్నాడు.

"తెలుసు."

"పదకొండేళ్లమ్మా."

"తెలుసన్నానుగా అన్నయ్యా!"

ఎల్లుండి పిల్లల ఆట మళ్లీ పెడతారు. తొమ్మిదో రంగం ఉన్నదున్నట్టే. స్టూలు మీద కుట్టుపని అక్క. నేను టిక్కెట్ల కిటికీకి మారతాను. బయటికి వస్తుంటే వెనక నుంచి పిలిచాడు. "స్టూలు మీద నువ్వు లేవు కాబట్టి ఇప్పుడు మీ పాప రావొచ్చు. రూలు ప్రకారమే" అన్నాడు.

15, శుక్రవారం

పాపకి రేపు ఆటకి తీసుకెళ్తానని చెప్పాను. అత్తయ్య చెప్పమన్నది మాత్రం చెప్పలేదు. రేపు చెప్తాను.

16, శనివారం

ముందు వరసలో కూర్చున్నాం. నేను, పాప, అటు పక్క అత్తయ్య. మా ఎదురుగా స్టూలు మీద కుట్టుపని అక్క, ముక్కు మీద కళ్లజోడు, చేతిలో నా పెన్సిల్. పదకొండేళ్లు పనిచేసిన హాల్లో కుర్చీలోంచి నాటకం చూడటం ఇదే మొదలు. వేదిక ఇంత ఎత్తుంటుందని నాకు తెలియదు.

పాప పాటలన్నీ లోలోపల పాడేసుకుంటోంది. ఆయన పాడిన తప్పులతో సహా. "ఆవిడ అలిగింది" దగ్గర ఆయన ఎప్పుడూ "ఆవిడ అరిచింది" అనేవాడు నా వైపు చూస్తూ. అదీ అలాగే అంది. అత్తయ్య పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నేను చూడలేదు.

తొమ్మిదో రంగం వచ్చింది. గుహలో కవచం నిలబడి ఉంది. ఎంత బాగా చేశాడు! భుజాలు కొంచెం వంచి, నిజంగా లోపల మనిషి అలసిపోయి నిలబడ్డట్టు. ఆ భుజాలు ఎవరివో నాకు తెలుసు. పొడుగాయన మేకు మీద చెయ్యి వేశాడు.

నేను తల తిప్పేసుకున్నాను.

చిన్న చెయ్యి వచ్చి నా గడ్డం పట్టుకుంది. "అమ్మా, చూడు. ఏం కాదు. ఖాళీయే."

చూశాను. తలుపులు చప్పుడు లేకుండా తెరుచుకుని ఉన్నాయి. లోపల నీలం బొంత, ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చతో సహా. వంటావిడ తొంగిచూసి "దేనికి కాపలా?" అని అడిగింది. హాలంతా గొల్లుమంది. మా పాప అందరికంటే గట్టిగా నవ్వింది. ఎనిమిది నెలల తర్వాత ఆ నవ్వు విన్నాను. నవ్వుతూనే వెక్కి వెక్కి ఏడ్చింది, కానీ తల మాత్రం తిప్పుకోలేదు.

ఆట అయ్యాక బయట మెట్ల మీద కూర్చున్నాం. అత్తయ్య కావాలనే వెనకబడింది. చెప్పాను.

"ఆ రోజు నాన్నది నిద్ర కాదమ్మా. నువ్వు ఆసుపత్రికి వచ్చేసరికే చనిపోయాడు. గంటైంది. నువ్వు లేపినా లేచేవాడు కాదు. నేనూ లేపాను. డాక్టరూ లేపాడు. నీకా మాట చెప్పడానికి భయమేసి నిద్ర అన్నాను. తప్పు నాది."

చెప్పు బకిల్‌తో ఆడుకుంటూ కూర్చుంది. తర్వాత అడిగింది.

"నువ్వు గట్టిగా లేపావా?"

"చాలా గట్టిగా."

"అరిచావా?"

"అరిచాను."

"అయినా లేవలేదా?"

"లేవలేదు."

"సరే" అంది. నా ఒళ్లో తల పెట్టింది.

18, సోమవారం

కుట్టుపని అక్క కాగితం చేతికిచ్చింది. తొమ్మిదో రంగం పక్కన ఒకే గీత. దాని ఎదురుగా ఆవిడ గుండ్రటి చేతిరాత: "ముందు వరస. వయసు నలభై ఒకటి. పక్కనున్న పిల్ల ధైర్యం చెప్పింది."

"నలభయ్యే" అన్నాను.

"మొన్నటి కళ్లజోడు పిల్లాడు కూడా ఈసారి చూపు తిప్పలేదు. ముందే తెలిసిపోయింది కదా, లోపల ఎవరూ లేరని" అంది అక్క, సూదిలో దారం ఎక్కిస్తూ.

గుమ్మం బోర్డు మీద ఏం రాయాలని దర్శకుడు నన్నే అడిగాడు. స్టూలు పోయినా చేతిరాత పోలేదుగా అని. నేనే రాశాను:

అన్ని వయసుల పిల్లలూ చూడవచ్చు. పెద్దవాళ్లు పిల్లల్ని వెంట తెచ్చుకోవాలి.

తిరగేసి రాశావేమో చూసుకో అన్నాడు. చూసుకునే రాశాను అన్నాను. ఒక నిమిషం బోర్డు వైపే చూసి, మేకు కొట్టించాడు.

22, శుక్రవారం

మొదటి ఆట. నేను టిక్కెట్ల కిటికీలో. పాప ముందు వరసలో, ఆయన రాసుకున్న చోటే. కిటికీలోంచి వేదిక కనబడదు. నవ్వు వినబడింది. చాలు.

24, ఆదివారం

మధ్యాహ్నం పడుకున్నాను. అడుగుల చప్పుడు. పాప తలుపు దగ్గర ఆగింది.

"అమ్మా, నిద్రేనా?"

"నిద్రే. నాలుగింటికి లేస్తా."

"సరే, పడుకో" అని తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.

ఐదున్నరకి మెలకువ వచ్చింది. ఎవరూ లేపలేదు.